వేడిలో పనిచేసేవాళ్ల మీద పీజీ థీసిస్: విశాఖలో డబ్ల్యూబీజీటీ ఎలా కొలవాలి

ఎండాకాలం దగ్గరపడిందంటే ఆక్యుపేషనల్ హెల్త్, కమ్యూనిటీ మెడిసిన్, పర్యావరణ శాస్త్రం పీజీ విద్యార్థులు ఒకటే అడుగుతుంటారు: "కార్మికుల మీద వేడి ప్రభావం అని టాపిక్ తీసుకున్నాను. వేడిని ఎలా కొలవాలి? ఫోన్‌లో చూపించే టెంపరేచర్ రాసుకుంటే చాలదా?"

చాలదు. విశాఖలో అసలే చాలదు. ఇక్కడ మనిషిని కుంగదీసేది ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం మీది తేమగాలిలో చెమట కారుతుందే గానీ ఆరదు. ఈ మొత్తం భారాన్ని చెప్పే అంకే డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్). దానికి మూడు కొలతలు కావాలి: మామూలు (పొడి) థర్మామీటరు చూపే గాలి వేడి, తడి వత్తి తొడిగిన థర్మామీటరు చూపే 'తడి బల్బు', నల్ల బోలు బంతి లోపలి థర్మామీటరు చూపే 'నల్ల గోళం'. లెక్క వేసి చూడండి, సూత్రం 7లో ఉంది. పడమటి గాలి వీచే పొడి రోజున గాలి వేడి 41 డిగ్రీలు, తడి బల్బు 25.5, నల్ల గోళం 52 అనుకుందాం. డబ్ల్యూబీజీటీ 32.35 వస్తుంది. మరో రోజు గాలి వేడి 34 డిగ్రీలే, కానీ తడి బల్బు 30.2, గోళం 46. ఆ రోజు డబ్ల్యూబీజీటీ 33.74. పేపర్లో "41 డిగ్రీలు" అని పతాక శీర్షిక వచ్చిన రోజు కంటే, ఎవరూ పట్టించుకోని 34 డిగ్రీల రోజే కార్మికుడికి ఎక్కువ బరువు. మీ థీసిస్ పట్టుకోవాల్సింది ఈ తేడానే.

డబ్ల్యూబీజీటీ అంటే గాలి వేడి, తేమ, గాలి వీచడం, ఎండ లేదా కొలిమి సెగ, ఈ నాలుగింటినీ కలిపి చెప్పే ఒక్క అంకె. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు తగ్గించడానికి తయారైంది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ఓ 7243 ప్రమాణం దాని మీదే నడుస్తోంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు, పనిలోకి వెళ్దాం.

ఏమేం కావాలి

- డబ్ల్యూబీజీటీ మీటరు. దానితోపాటు సరిచూసే ప్లగ్గు (కాలిబ్రేషన్ మాడ్యూల్), ట్రైపాడ్.
- డిస్టిల్డ్ వాటర్ 2 లీటర్లు, 10 మి.లీ. సిరంజి, అదనంగా 5–6 నూలు వత్తులు.
- 50 లేదా 100 గ్రాముల తేడా చూపే బరువు యంత్రం, దాని కింద వేయడానికి గట్టి చెక్క పలక.
- యూరిన్ రిఫ్రాక్టోమీటరు (మూత్రం ఎంత చిక్కగా ఉందో చూపేది), మూత్రం సీసాలు, గ్లవ్స్.
- నోటి థర్మామీటరు, స్టాప్‌వాచ్, బీపీ యంత్రం.
- కొలతలు వేసిన లీటరు సీసాలు, కార్మికుడికి ఒకటి చొప్పున. తాగిన నీళ్లు లెక్కపెట్టడానికి.
- కాగితం ఫారాలు. ఎండలో ఫోన్ స్క్రీన్ కనబడదు, వేడెక్కి ఆగిపోతుంది కూడా. కాగితం మీద రాసి సాయంత్రం ఎక్కించుకోండి.

మీటరు కొనడం పీజీ విద్యార్థికి భారమే. కొనే ముందు మీ విభాగంలో, పర్యావరణ శాస్త్ర విభాగాల్లో, పెద్ద ఫ్యాక్టరీల సేఫ్టీ విభాగాల్లో అడగండి. వాళ్ల బీరువాల్లో పడి ఉండే అవకాశం బాగానే ఉంది. ఎక్కడా దొరక్కపోతే పాత పద్ధతి ఉంది: 150 మి.మీ. వ్యాసం ఉన్న పలచని రాగి బోలు బంతికి మెరుపు లేని నల్ల పెయింటు వేసి మధ్యలో థర్మామీటరు పెట్టడం, పక్కన నీడ కల్పించిన పొడి థర్మామీటరు ఒకటి, వత్తి తొడిగిన తడి థర్మామీటరు ఒకటి. మూడూ అర డిగ్రీ కచ్చితత్వం ఉన్నవై ఉండాలి. గోళంలో పెట్టేది 100 డిగ్రీల వరకు చూపేది తీసుకోండి. నల్ల పెయింటు మెరిసేది వేస్తే సెగను తిప్పికొడుతుంది, రీడింగు తక్కువ వస్తుంది.

డిస్టిల్డ్ వాటర్ కోసం తిరగక్కర్లేదు. ఆటోనగర్‌లో ఏ బ్యాటరీ షాపులోనైనా "బ్యాటరీ వాటర్" అని అడిగితే ఇస్తారు. సీసా మీద చదివి తీసుకోండి, పక్కనే యాసిడ్ సీసాలూ ఉంటాయి.

1. పనిచోటు, కాలం ముందు తేల్చుకోండి

ఎక్కువ థీసిస్‌లు చిక్కులో పడేది ఇక్కడే. ప్రోటోకాల్ రాసేటప్పుడు "ఫిషింగ్ హార్బర్ మత్స్యకారులు, ఏప్రిల్ నుంచి జూన్" అని రాసేస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం. మీరు మీటరు పట్టుకుని వెళ్లేసరికి బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో హార్బర్‌లో దొరికేది బోట్ల మరమ్మతు, పెయింటింగ్, వల అల్లిక చేసేవాళ్లు. ఎండుచేపల పని చేసే ఆడవాళ్లకూ సరుకు తగ్గుతుంది. వేటకు వెళ్లేవాళ్లే కావాలనుకుంటే మార్చి నుంచి ఏప్రిల్ 14 లోపు పెట్టుకోండి.

ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ షెడ్లు, ఫౌండ్రీలు, భవన నిర్మాణం, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పారిశుద్ధ్య పని, ట్రాఫిక్ విధులు: వీటికి ఏప్రిల్, మే సరైన కాలం. జూన్ రెండో వారం దాటితే వర్షాలు అందుకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా అని కొలతలన్నీ మే చివరికి పెట్టుకోవద్దు. నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే మీ షెడ్యూలు గల్లంతే. మార్చిలో పైలట్, ఏప్రిల్ మొదటి వారం నుంచి అసలు కొలతలు, పోల్చడానికి డిసెంబరు–జనవరిలో మరో విడత. ఇలా వేసుకుంటే ఒక వేసవి చేజారదు.

పెద్ద సంస్థల్లో అనుమతికి రెండు మూడు నెలలు పడుతుందనే అనుకుని దరఖాస్తు చేసుకోండి. నేవీ, పోర్టు పరిధికి ఆనుకుని ఉన్న చోట్ల ట్రైపాడ్, కెమెరా పెట్టాలంటే అనుమతి చేతిలో ఉండాల్సిందే.

ఇంకో చిన్న సంగతి. శీర్షికలో "విశాఖపట్నం జిల్లా" అని పెట్టి పరవాడ ఫార్మా యూనిట్లను కలుపుతుంటారు. 2022 ఏప్రిల్ నుంచి పరవాడ అనకాపల్లి జిల్లాలో ఉంది. రెండూ కావాలంటే శీర్షికలో రెండు జిల్లాలూ రాయండి.

2. ఎథిక్స్ కమిటీకి పెట్టేటప్పుడు మూడు విషయాలు తప్పకుండా రాయండి

మొదటిది, వ్యక్తిగత ఫలితాలు యాజమాన్యానికి వెళ్లవని. ఫలానా వాడికి బీపీ ఉందని, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుందని మేస్త్రీకి తెలిస్తే మర్నాడు అతనికి పని ఉండదు. ఇది ఊహ కాదు, కాంట్రాక్టు కూలీ బతుకులో రోజూ ఉండే భయం. యాజమాన్యానికి గుంపు సగటులే ఇవ్వండి. గుంపులో ఐదుగురి కంటే తక్కువ ఉంటే అదీ ఇవ్వకండి, పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతుంది.

రెండోది, సమ్మతి పత్రం భాష. తెలుగుతో ఆగకండి. ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే వలస కార్మికులు ఈ పనుల్లో ఎక్కువ. సంతకం తీసుకునేటప్పుడు సూపర్‌వైజరు పక్కన నిలబడి ఉండకూడదు.

మూడోది, కొలుస్తుండగా ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఏం చేస్తారన్నది. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బే అనుకుని కదలాలి. నీడకు చేర్చి, పైబట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి గాలి విసరాలి. ఐస్ దొరికితే తడి గుడ్డల్లో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాలి. ఒకరు ఈ పని చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

3. ఎంతమంది కావాలి

మన కాలేజీల్లో వాడే లెక్క 4పీక్యూ/డీ² (పీ అంటే లక్షణం ఉన్నవారి శాతం, క్యూ అంటే 100 − పీ, డీ అంటే ఒప్పుకునే తేడా). అంతకుముందు అధ్యయనాల్లో వేడి లక్షణాలు 40 శాతం మందిలో ఉన్నాయనుకుంటే, 10 శాతం అబ్సల్యూట్ తేడాకి: 4 × 40 × 60 ÷ 100 = 96 మంది. పీలో 20 శాతం రిలేటివ్ తేడా అంటే డీ విలువ 8, అప్పుడు 4 × 40 × 60 ÷ 64 = 150 మంది. ఏది వాడారో రాయకుండా "ఎర్రర్ 20 శాతం" అని వదిలేయడం వైవాలో పట్టుబడే మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఒకే షెడ్డులో 30 మందిని తీసుకుంటే ఆ 30 మందీ ఒకే సెగలో ఉన్నారు. వాళ్లు 30 వేర్వేరు సమాచారాలు కారు. దీన్ని సరిచేసే గుణకం, అంటే డిజైన్ ఎఫెక్టు, కనీసం 1.5 వేసి 96ను 144 చేయండి. ఒక్క పెద్ద చోటు కంటే పది చిన్న చోట్లు మేలు.

4. ఒకే రకం పని చేసేవాళ్లను గుంపులుగా విడగొట్టండి

"వెల్డర్లు" అన్నది గుంపు కాదు. షెడ్డులో బల్ల మీద వెల్డింగ్ చేసేవాడు, బయట ఎండలో ఇనుప ప్లేటు మీద కూర్చుని చేసేవాడు, ట్యాంకు లోపల దూరి చేసేవాడు, ఈ ముగ్గురి వేడి వేర్వేరు. ఒక రోజంతా ఏ కొలతా తీయకుండా ఊరికే చూడండి. ఎవరు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఏం మోశారు, ఎక్కడ కూర్చున్నారు, అవి మాత్రమే రాసుకోండి. ఒక్కో గుంపుకు కనీసం ఆరు కొలతలు, వేర్వేరు రోజుల్లో.

5. మీటరును సిద్ధం చేయడం: ముందు వత్తి సంగతి

డబ్ల్యూబీజీటీలో 70 శాతం బరువు తడి బల్బుది. అంటే మీ థీసిస్‌లో 70 శాతం ఒక చిన్న నూలు వత్తి మీద ఆధారపడి ఉంది. అయినా దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కొత్త వత్తికి గంజి ఉంటుంది, నీళ్లు పీల్చదు. వాడే ముందు సబ్బు నీళ్లలో ఉతికి, డిస్టిల్డ్ వాటర్‌లో రెండు సార్లు జాడించండి. వత్తి బల్బునంతా కప్పి, పైన ఇంకో బల్బు పొడవు మేర కాడ మీదికి పాకి ఉండాలి. రీడింగుకు అరగంట ముందు సిరంజితో నేరుగా తడపండి. కింద గిన్నెలోంచి అదే పీల్చుకుంటుందిలే అని వదిలేయకండి. మే నెల ఎండలో పైకి చేరేలోపే ఆరిపోతుంది.

సముద్రం దగ్గర వత్తి మీద ఉప్పు పేరుకుంటుంది. వేలితో తడిమితే కరుకుగా తగులుతుంది. ఖనిజం (ఓర్), బొగ్గు ధూళి ఉన్న చోట ఎర్రగానో నల్లగానో మారుతుంది. రెండూ చెడ్డవే, తడి బల్బు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. హార్బర్ దగ్గర రోజుకొక వత్తి మార్చండి. కుళాయి నీళ్లు, మినరల్ వాటర్ వాడొద్దు. వాటిలోని లవణాలు వత్తిలోనే మిగిలిపోతాయి.

తర్వాత గోళం. మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి. ధూళి పడ్డ నల్ల గోళం నల్లగోళం కాదు. చివరగా ప్లగ్గు పెట్టి చూడండి. దాని మీద రాసిన విలువకూ మీటరు చూపేదానికీ అర డిగ్రీ మించి తేడా ఉంటే ఆ రోజు కొలత వద్దు. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి ఈ పరీక్ష చేసి, రెండు అంకెలూ ఫారంలో రాయండి.

6. ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎంతసేపు

కార్మికుడు ఉన్న చోటే పెట్టాలి, పనికి అడ్డం రాకుండా వీలైనంత దగ్గరగా. నిలబడి చేసే పనికి నేల నుంచి 1.1 మీటర్లు, కూర్చుని చేసే పనికి 0.6 మీటర్లు: పొట్ట ఎత్తు అన్నమాట. కొలిమి ముందు, ఎండకు కాలిన ప్లేటు మీద తల దగ్గరా కాళ్ల దగ్గరా వేడి వేరుగా ఉంటుంది. అక్కడ 0.1, 1.1, 1.7 మీటర్ల దగ్గర మూడు కొలతలు తీసి, మధ్యదాన్ని రెండింతలు చేసి, అన్నీ కలిపి నాలుగుతో భాగించండి.

150 మి.మీ. గోళం స్థిరపడటానికి 25 నిమిషాలు పడుతుంది. ఏసీ కారులోంచి దింపి ఐదో నిమిషంలో రాసుకున్న అంకె చెత్తబుట్టకే. కొన్ని మీటర్లకు 40–50 మి.మీ. చిన్న గోళం ఉంటుంది. త్వరగా స్థిరపడుతుంది గానీ సెగ గట్టిగా ఉన్న చోట తక్కువ చూపుతుంది. గోళం కొలత ఎంతో థీసిస్‌లో రాయండి.

చేత్తో పట్టుకుని కొలవొద్దు. మీ నీడ మీటరు మీద పడకూడదు. కార్మికుడికి ఫ్యాను తగులుతుంటే మీటరుకూ తగలాలి, తగలకపోతే మీటరుకూ తగలకూడదు. ఫోటో బాగా వస్తుందని చెట్టు కింద పెట్టినవాళ్లూ ఉంటారు, అది చెట్టు కింది వేడి.

సమయం: ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి. "మధ్యాహ్నం 2కి అత్యధికం" అని ముందే తీర్మానించుకోవద్దు. సముద్రపు గాలి తిరిగాక గాలి వేడి తగ్గి తేమ పెరుగుతుంది. అది ఎప్పుడు తిరుగుతుందో, మీ చోటికి ఎప్పుడు చేరుతుందో గాజువాకలో ఒకలా, బీచ్ రోడ్డులో ఒకలా ఉంటుంది.

7. లెక్క

ఎండ పడే చోట: డబ్ల్యూబీజీటీ = 0.7 × తడి + 0.2 × గోళం + 0.1 × పొడి.
ఎండ పడని చోట: డబ్ల్యూబీజీటీ = 0.7 × తడి + 0.3 × గోళం.

రేకుల షెడ్డు లోపల రెండోది వాడండి, రేకు ఎంత కాలినా సరే. రేకులో కంతలుండి ఎండ నేరుగా మీద పడుతుంటే మొదటిది.

పనిలో చోట్లు మారుతుంటే గంటకు సగటు తీయాలి. ఉదాహరణకు ఒక ఫిట్టరు 35 నిమిషాలు ప్లేటు దగ్గర (34.0), 15 నిమిషాలు సామాన్లు మోస్తూ (32.0), 10 నిమిషాలు నీడలో కూర్చుని (29.5):

(35 × 34.0 + 15 × 32.0 + 10 × 29.5) ÷ 60 = 32.75.

పని బరువుకూ (పని చేస్తుంటే ఒళ్లు పుట్టించే వేడి, వాట్లలో) అదే పద్ధతి. ప్లేటు దగ్గర 300 వాట్లు, మోత 415, కూర్చోవడం 115 అనుకుంటే (10,500 + 6,225 + 1,150) ÷ 60 = సుమారు 298 వాట్లు, అంటే మధ్యస్థం.

ఐఎస్ఓ 7243 ఇచ్చే డబ్ల్యూబీజీటీ హద్దులు (డిగ్రీల్లో) ఇవి. మొదటి అంకె వేడికి అలవాటుపడ్డవారికి, రెండోది అలవాటులేనివారికి:

- విశ్రాంతి, 115 వాట్లు: 33, 32
- తేలిక, 180 వాట్లు: 30, 29
- మధ్యస్థం, 300 వాట్లు: 28, 26
- భారం, 415 వాట్లు: 26, 23
- అతిభారం, 520 వాట్లు: 25, 20

మన ఫిట్టరు వేడికి అలవాటుపడ్డవాడే అనుకున్నా హద్దుకు (28) 4.75 డిగ్రీలు పైన ఉన్నాడు. రోజంతా సగటు తీసి ఉంటే ఉదయపు చల్లదనం కలిసి ఈ తేడా సగానికి సగం మాయమయ్యేది. అందుకే అత్యధికంగా ఉన్న గంటను విడిగా చూపండి.

"అలవాటు" అంటే ఈ ఊళ్లో పుట్టడం కాదు. ఇప్పటికి ముందు కనీసం ఒక పూర్తి పనివారం అదే వేడిలో పనిచేసి ఉండాలి. సెలవుకు ఊరెళ్లి నిన్ననే రైలు దిగినవాడు పదేళ్ల అనుభవం ఉన్నా అలవాటు తప్పినవాడే కావచ్చు. "ఊరి నుంచి ఎప్పుడొచ్చావు?" అన్న ప్రశ్న ఫారంలో ఉండాల్సిందే.

బట్టలకు దిద్దుబాటు ఉంది. మామూలు పనిబట్టలకు, నూలు కవరాల్‌కు సున్నా. రెండు పొరల నేత బట్టలైతే కొలిచిన డబ్ల్యూబీజీటీకి 3 డిగ్రీలు కలపాలి. గాలి ఆడని రసాయన సూటుకు 11 కలపాలి, ఫార్మా వైపు వెళ్లేవారు ఇది మరవొద్దు.

8. మనిషి మీద కొలతలు

బరువు: షిఫ్టుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చాక, చెమట తుడిచి, అవే బట్టల్లో, బూట్లు లేకుండా. షిఫ్టు తర్వాత కూడా అంతే. చెమటలో తడిసిన చొక్కాతో తూస్తే పోయిన నీళ్లను మళ్లీ తూకంలో వేసినట్టే, రెండుసార్లూ కట్టుకోవడానికి పొడి లుంగీ ఒకటి ఇవ్వండి. యంత్రం మీద పొద్దున, సాయంత్రం ఒకే మూత వేసిన నీళ్ల క్యాన్ పెట్టి చూడండి, అంకె మారిందంటే యంత్రం కదిలింది.

చెమట = బరువు తగ్గుదల + తాగింది + తిన్నది − మూత్రం. పొద్దున 62.4 కిలోలు, సాయంత్రం 61.5, తాగింది 2.6, తిన్నది 0.4, మూత్రం 0.3 అయితే 0.9 + 2.6 + 0.4 − 0.3 = 3.6 కిలోలు. ఎనిమిది గంటలకు గనక గంటకు 0.45 లీటరు. బరువు తగ్గుదల 1.44 శాతం. 1.5 శాతం దాటితే నీళ్లు చాలలేదని లెక్క. బరువు తగ్గుదల ఒక్కటే రాసి "చెమట 0.9 లీటరు" అనడం తరచుగా కనిపించే తప్పు.

మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ: 1.020 దాటితే ఒంట్లో నీళ్లు తక్కువ, 1.030కి చేరితే తీవ్రం. రిఫ్రాక్టోమీటరును డిస్టిల్డ్ వాటర్‌తో 1.000 దగ్గర సరిచేసి, నీడలో చదవండి. షుగరు ఉన్నవాళ్ల మూత్రంలో చక్కెర వల్ల అంకె పెరుగుతుంది, వాళ్లను విడిగా పెట్టండి. షిఫ్టుకు ముందే 1.020 దాటినవాళ్లు చాలామంది కనబడితే అది తప్పు కాదు, ముఖ్యమైన ఫలితం. వాళ్లు నిన్నటి లోటుతోనే పనికొచ్చారు.

నాడి: పని ఆపి కూర్చోగానే గడియారం నొక్కండి. 30–60 సెకన్ల మధ్య లెక్కపెట్టి రెండింతలు చేస్తే మొదటి నాడి, 150–180 సెకన్ల మధ్యది మూడో నాడి. మూడోది 90 లోపుంటే ఫరవాలేదు. 90 దాటి, మొదటిదానికీ దీనికీ తేడా 10 కూడా లేకపోతే గుండె తేరుకోవడం లేదని అర్థం. అతన్ని వెంటనే నీడలో కూర్చోబెట్టండి.

నోటి ఉష్ణోగ్రతకు పావుగంట ముందు నుంచి నీళ్లు, టీ, బీడీ వద్దు. చెమట పట్టిన నుదుటి మీద ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ పెట్టి తీసిన అంకెను ఒంటి లోపలి వేడిగా రాయకండి, చెమట నుదుటిని చల్లబరుస్తుంది.

క్రియాటినిన్ కూడా చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం (శ్రీకాకుళం జిల్లా) మనకు పక్కనే కాబట్టి వేడినీ కిడ్నీనీ కలపాలన్న ఆశ సహజం, మంచిదే. కానీ ఉద్దానం జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం కనీసం మూడు నెలలు ఉండాలి. షిఫ్టు చివర ఒక్కసారి తీసిన రక్తంతో ఆ పేరు పెట్టకండి. "షిఫ్టులో క్రియాటినిన్ మార్పు" అని రాయండి. ఎక్కువ వచ్చినవాళ్లకు మళ్లీ పరీక్ష చేయించే ఏర్పాటు ముందే చేసుకోండి.

9. ప్రశ్నలు జనం మాటల్లో అడగండి

"హాట్‌హాప్స్" అనే ప్రశ్నావళి ఉంది, వేడిలో పనిచేసేవారి ఆరోగ్యం, పని తగ్గుదల కోసం తయారైంది. దాన్ని తెలుగులోకి, అక్కడి నుంచి వేరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకోండి. "వేడి సంబంధ అనారోగ్యం ఉందా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. "రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయా? పనిలో కళ్లు బైర్లు కమ్మాయా? మూత్రం పసుపునీళ్లలా మంటగా వస్తోందా? చెమట పొక్కులు లేచాయా?" అని అడగండి, చెబుతారు. గడువు "గత నెల రోజుల్లో" అని పెట్టండి. "ఎప్పుడైనా" అంటే అందరూ అవునంటారు.

ఆడవాళ్లను ఎంత నీళ్లు తాగుతారని అడిగి ఆగిపోకండి. మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉంది, తలుపుకు గడియ ఉందా అని అడగండి. మరుగుదొడ్డి లేక నీళ్లు మానేసేవాళ్లకు "నీళ్లు బాగా తాగండి" అని చెప్పడం వల్ల ఏమీ మారదు. ఈ ప్రశ్న ఆడవాళ్లే అడగాలి, మేస్త్రీ లేనప్పుడు.

10. సాయంత్రమే అంకెలు సరిచూసుకోండి

ఇంటికెళ్లి పడుకునే ముందు ఆ రోజు ఫారాలు ఈ వరసలో చూడండి:

- తడి బల్బు పొడి బల్బుకు దగ్గరగా పాకిందా? వర్షం లేకుండా తేడా ఒక డిగ్రీ లోపుంటే వత్తి ఎండిపోయి ఉండొచ్చు. అక్కడికక్కడ తెలుసుకోవాలంటే మళ్లీ తడిపి కాసేపు ఆగండి. అంకె గబగబా దిగిందంటే ముందు రాసిన రీడింగు పనికిరాదు.
- ఎండలో గోళం పొడి బల్బు కంటే తక్కువుందా? రెండు సెన్సర్ల తీగలు తారుమారయ్యాయేమో చూడండి.
- నీడలో, సెగ లేని చోట గోళానికీ పొడి బల్బుకూ తేడా చాలా ఉందా? గోళం ఇంకా స్థిరపడలేదు, లేదా పొడి బల్బు మీద ఎండ పడింది.
- లోపలి సూత్రం, బయటి సూత్రం ఫారం మీద గుర్తు పెట్టారా? మీటరు తెర మీద రెండూ కనబడతాయి, తొందరలో పక్కది రాసేస్తారు.
- బరువు షిఫ్టులో పెరిగిందా? అసాధ్యమేమీ కాదు, ఎక్కువ తాగి ఉండొచ్చు. తాగిన లెక్కతో పోల్చండి.

రెండు మీటర్లుంటే వారానికోసారి ఒకే గదిలో పక్కపక్కన అరగంట ఉంచి పోల్చండి.

మీటరు ఏ రోజైనా మొరాయిస్తే వాతావరణ కేంద్రం అంకెలతో పూరించాలనిపిస్తుంది. తేమ, గాలి వేడి మాత్రమే తీసుకుని లెక్కగట్టే సులభ సూత్రాలు ఒక మాదిరి ఎండ, తక్కువ గాలి ఉన్నాయని ముందే అనుకుంటాయి. మబ్బు రోజున, రాత్రి షిఫ్టులో ఎక్కువ చూపుతాయి. కొలిమి సెగ వాటికి తెలియనే తెలియదు. ఆ రోజును ఖాళీగా వదిలి, కారణం రాయండి.

11. ఫలితాలు ఎవరికి, ఎలా

కార్మికుడికి అతని బరువు, మూత్రం, నాడి, బీపీ అంకెలు అతని భాషలో ఒక చీటీ మీద, చేతికే ఇవ్వండి. చదవలేనివారికి చదివి చెప్పండి. ఆసుపత్రికి వెళ్లాల్సినవారికి రెఫరల్ రాసి, వారం తర్వాత వెళ్లారో లేదో కనుక్కోండి.

యాజమాన్యానికి రెండు పేజీలు మించొద్దు: ఏ చోట, ఏ గంటలో, హద్దుకు ఎంత పైన. పక్కనే చేయదగ్గవి: కొత్తవాళ్లకు మొదటి రోజు 20 శాతం పని, తర్వాత రోజుకు 20 శాతం చొప్పున పెంచడం. అనుభవం ఉండి సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లకు 50, 60, 80, 100 శాతం. ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 240 మి.లీ. దాకా నీళ్లు, గంటకు మొత్తం సుమారు 1.4 లీటర్లు మించకుండా. నీడ, మరుగుదొడ్డి పనిచోటికి దగ్గరగా. భారమైన మోత పనులు మీ కొలతల్లో తేలిన చల్లటి గంటలకు మార్చడం. "మోతలు ఉదయం 10 లోపు" అని ఊరికే రాయకండి, మీ గంటవారీ పట్టిక ఏం చెబితే ఆ గంటే రాయండి.